ముక్కు మేకు

సముద్రం మీదికి వెళ్ళిన పడవలు తిరిగొచ్చే వేళకి జాలరిపేట ఒడ్డున ఆడవాళ్ళు బుట్టలు బోర్లించుకుని వాటి మీద కూర్చుంటారు. కబుర్లూ తిట్లూ నవ్వులూ అన్నీ ఆ బుట్టల మీదే నడుస్తాయి. గంగాలమ్మ మాత్రం కూర్చోదు. కెరటం అందీ అందని చోట తడి ఇసుకలో నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరంగా లంగరేసిన ఓడల సందుల్లోంచి వచ్చే చుక్కల్లో తన పడవేదో వెతుక్కుంటుంది. వెతకడం కష్టమేం కాదు. మిగతా పడవలన్నీ ముక్కు పైకెత్తుకుని వస్తాయి. ఆమె పడవ ఒక్కటే తల వంచుకుని వస్తుంది, బళ్ళో దెబ్బలు తిన్న పిల్లాడిలా.

పడవ పాతదైతే ఎవరూ పట్టించుకోకపోదురు. అది కొత్తది. కొని ఏడాది కూడా తిరగలేదు.

"అదిగోనే, గంగాలమ్మ బోటు. ఏటో పారేసుకున్నట్టు కిందకి సూసుకుంటా వత్తంది," అంది సూర్యకళ బుట్ట మీంచి. ఆమె గంగాలమ్మకి పక్కింటి మనిషి, చేపల వేలంలో పోటీ మనిషి కూడా.

"నీ నోరు పారేసుకున్నా బాగుణ్ణు," అంది గంగాలమ్మ వెనక్కి తిరక్కుండానే. ఆడవాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఫైబర్ బోటంటే తేలిగ్గా ఉండాలి. ఎక్కిన మనుషులే దిగి భుజం పెడితే ఇసుక మీదికి జారిపోవాలి. ఈ బోటుకి పక్క పడవల వాళ్ళని కేకెయ్యాల్సి వచ్చింది. వాళ్ళు వచ్చి, "ఏట్రా ఇది, రాళ్ళు పట్టుకొచ్చేవా సేపలు పట్టుకొచ్చేవా?" అని అబ్బుల్ని ఆటలు పట్టిస్తూ ముక్కు కింద దుంగలు తోసి, ఊపిరి బిగబట్టి లాగారు.

అబ్బులు గంగాలమ్మ తమ్ముడి కొడుకు. పెళ్ళయి, ఒక పిల్లాడి తండ్రయినా ఆమె కంటికి ఇంకా చొక్కా గుండీలు తప్పు పెట్టుకునే కుర్రాడే. పిల్లలు లేని గంగాలమ్మ ఇంట్లోనే సగం పెరిగాడు. ఇప్పుడు ఆ బోటు నడిపేది అతనే. ఒళ్ళంతా ఉప్పు తేలి, రొప్పుతూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"అత్తా, నాను దిగి నీ ముందరికొచ్చినా నువ్వు నన్ను సూడవు. దాని ముక్కునే సూత్తావు."

ఆ మాట నిజమే. పడవ ఒడ్డు తాకగానే గంగాలమ్మ కళ్ళు ముక్కు మీద ఒక చోటికి పోతాయి. అరచేయంత మేర పసుపు, మధ్యలో కుంకుమ, ఆ కుంకుమ నడుమ గుండ్రటి మేకు తల, దానికి వేలాడే నిమ్మకాయా వేపరెమ్మా. అది ఉందని చూసుకున్నాకే మనుషుల మీదికి చూపు తిప్పుతుంది.

ఆ మేకు నూకరాజుది. నూకరాజు ఆమె పెనిమిటి.

పెళ్ళయిన కొత్తలో నూకరాజు సొంతంగా కర్ర నావ కట్టించుకున్నాడు. కొత్త నావ నీళ్ళలో దిగే ముందు దాని ముక్కున ఇనప మేకు కొట్టి దిష్టి కట్టడం వాళ్ళ ఆనవాయితీ. మామూలు మేకు అతనికి నచ్చలేదు. మల్కాపురం వెళ్ళి, ఓడ తుక్కులోంచి తీసిన కడ్డీని కమ్మరి చేత సాగగొట్టించి, రూపాయి కాసంత తలతో మేకు చేయించుకొచ్చాడు. గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టి తనే కొట్టాడు. గంగాలమ్మ పసుపు పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది. మేకు కొట్టడం మగవాడి పని, దానికి పసుపు రాయడం ఆడదాని పని. వాళ్ళ పేటలో ఆడవాళ్ళు పడవెక్కరు. అందుకని అన్నేళ్ళ కాపురంలో ఆమె ఆ నావ లోపల ఎలా ఉంటుందో ఎరగదు. నావంతా అతనిది, మేకు చుట్టూ అరచేతి మేర ఆమెది. శుక్రవారం శుక్రవారం ఆ కాస్త చోటూ కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, మళ్ళీ అతనికి అప్పగించేది.

నూకరాజుని సముద్రం తీసుకుపోలేదు. మూత్రపిండాలు చెడి, మంచం మీద పడి, ఒళ్ళు ఉబ్బి, ఒక ఉదయం మాట్లాడ్డం మానేశాడు. సముద్రంలో పోయినవాళ్ళ గురించి పేటలో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. మంచంలో పోయినవాళ్ళ గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది? పెద్దకర్మ అయ్యాక అతని పేరు ఎత్తేవాళ్ళే తగ్గిపోయారు. నావ ఇసుక మీద ఉండి ఉండి ఎండకి నెర్రెలు విచ్చింది.

పొద్దుటి పూట ఆమెకి ఒంటరితనం తెలిసేది కాదు. వేలం, బుట్ట, బస్సు, వీధి వీధీ తిరగడం. మధ్యాహ్నమే కష్టం. మధ్యాహ్నం ఒడ్డున నిలబడే హక్కు సముద్రం మీద ఎవరో ఒకరు ఉన్నవాళ్ళది. ఎవరూ అలా అని చెప్పలేదు గానీ, ఊరికే వెళ్ళి నిలబడితే "ఎవరి కోసమే?" అన్న చూపు ఒకటి వస్తుంది. ఆ చూపు భరించలేక ఇంట్లో ఉండిపోయేది. ఇంట్లో ఫ్యాను తిరిగేది. అన్నం తినేసి, ఒకటే కంచం కడిగేసి, తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంటే సముద్రం చప్పుడు వినిపిస్తూనే ఉండేది.

ఉన్నదంతా ఊడ్చి ఆమె కొత్త బోటు కొంటానన్నప్పుడు సూర్యకళే అడిగింది. "మొగుడు నేడు, కొడుకు నేడు, నీకేటికే బోటు?"

"అబ్బులికి," అంది గంగాలమ్మ. అది సగం నిజం. మిగతా సగం ఆమె తనకి తను కూడా చెప్పుకోలేదు.

బోటు చేసింది కరీం బాషా. టౌన్లో పాతబస్తీ మనిషి, నెరిసిన గడ్డం, వేళ్ళకి ఎప్పుడూ ఫైబరు అతికే రెజిన్ ఎండిన పెచ్చులు. తగరపువలస దాటాక హైవే పక్కన అతనికి ఒక రేకుల షెడ్డు ఉంది. బోటు తయారవుతున్నప్పుడు గంగాలమ్మ బస్సెక్కి చూడటానికి వెళ్ళింది. ముక్కు పుటాలు మండే వాసన. అచ్చులో తెల్లటి ఫైబర్ గుడ్డ పరిచి, దాని మీద రెజిన్ పోసి రోలరుతో రుద్దుతున్నారు.

"ముక్కు దగ్గర రెండు పొరలేస్తానమ్మా. రెండు పొరల మధ్య ఫోం నింపి మూసేస్తాను. దాన్నిండా గాలి తప్ప ఏమీ ఉండదు. నీళ్ళు నిండినా ముక్కు తేలుతుంది," అన్నాడు బాషా.

"మరి మునగదా?"

"ముక్కలైనా మునగదు."

ఆమెకి ఆ మాట చాలా నచ్చింది. ఇంటికొచ్చాక పదిమందికి చెప్పింది.

బోటు లారీ మీద దిగిన రోజున బాషా కూడా వచ్చాడు. ఆ పొద్దున్నే గంగాలమ్మ అబ్బుల్ని పాత నావ దగ్గరికి తీసుకెళ్ళి మేకు ఊడదియ్యమంది. అది అంత తేలిగ్గా రాలేదు. ఏళ్ళ తరబడి నీళ్ళు తాగిన కర్ర దాన్ని పళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుంది. చివరికి గొడ్డలితో చెక్క చీలిస్తే బయటపడింది. చూస్తే లోపలి ఇనుము నల్లగా, నిక్షేపంగా ఉంది, నిన్న కొట్టినట్టు.

కొత్త బోటు ముక్కున దాన్ని పెట్టి అబ్బులు సుత్తి ఎత్తాడు. డప్పుల వాళ్ళు గట్టిగా వాయించారు. కర్రలో మేకు దిగే చప్పుడు వేరు, ఇది వేరు. టప్పున ఏదో విరిగినట్టయింది గానీ డప్పుల మధ్య ఎవరికి వినిపిస్తుంది? దూరంగా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిన కరీం బాషా చెయ్యి సగం పైకెత్తి, మళ్ళీ దించేశాడు. గంగాలమ్మ చూసింది. గంగమ్మ తల్లికి దణ్ణం పెడుతున్నాడనుకుని సంతోషపడింది. పసుపు కలిపి, చేతి నిండా తీసుకుని, మేకు చుట్టూ రాసింది. తడి పసుపు కింద ఫైబరు చల్లగా, నున్నగా తగిలింది. కర్రలా గరుకుగా లేదు. అంతే తేడా అనుకుంది.

మొదట్లో వచ్చిన లోపాలు చిన్నవే. నీళ్ళు వదిలే బిరడా సరిగ్గా బిగిసేది కాదు. ఇంజిను బిగించిన పలక దగ్గర బోల్టులు వదులయ్యాయి. ఫోను చేసినప్పుడల్లా బాషా స్కూటరు మీద రెజిన్ డబ్బా పెట్టుకుని వచ్చేవాడు.

"కొత్త బోటు కొత్త చెప్పుల్లాంటిదమ్మా. కొన్నాళ్ళు కరుస్తుంది, తరవాత మన కాలి మాట వింటుంది," అనేవాడు పని చేస్తూ.

"మీ సెప్పులు మా అల్లుణ్ణి కరవకుండా సూడండి బాషా గోరూ," అనేది ఆమె.

బిరడా బాగుపడింది, బోల్టులు బిగిశాయి. వర్షాలు వెనకపట్టాక మొదలైంది అసలు జబ్బు. బోటు ముక్కు కొద్ది కొద్దిగా కిందికి దిగసాగింది. లోపల చూస్తే చుక్క నీరుండదు. బిరడా తీస్తే ఏమీ కారదు. కానీ ప్రతిసారీ ఒడ్డుకి లాగడానికి ఇంకో మనిషి కావలసి వచ్చేవాడు. బాషా వచ్చి, అడుగంతా తడిమి, ఎక్కడ సన్నటి గీత కనిపించినా గీకి, కొత్త పొర వేసి వెళ్ళేవాడు. నాలుగు రోజులు బాగున్నట్టే ఉండి, మళ్ళీ అదే వరస.

అబ్బులుతో వెళ్ళే ఇద్దరూ ఒకరి తరవాత ఒకరు మానేశారు. ఒకడు నడుం నొప్పన్నాడు. రెండోవాడు దాపరికం లేకుండా చెప్పాడు. "దాని మీద ఎవలి దిష్టో ఉంది బావా. నాను రాను." అబ్బులు ఊరి చివరి నుంచి ఎవరినో ఒకరిని బతిమాలి ఎక్కించుకుని వెళ్ళేవాడు.

దిష్టి మాట గంగాలమ్మ చెవిన పడింది. ఆ శుక్రవారం నుంచి పసుపు ఇంకా మందంగా రాసింది. నిమ్మకాయ ఎండక ముందే మార్చింది. ఒక్కోసారి మేకు కింద నుంచి ఎర్రటి చార ఒకటి కిందికి కారి ఉండేది. కుంకుమ సముద్రపు నీళ్ళకి కరిగిందనుకుని తుడిచి, దాని మీద మళ్ళీ పసుపు పూసేది.

ఒకరోజు తాయారు వచ్చింది, చంకలో చింటూతో. తాయారు అబ్బులు భార్య. పిల్లాడికి పళ్ళొస్తున్నాయి, ఒళ్ళు వెచ్చగా ఉంది, గంగాలమ్మ గాజుల్ని పట్టుకుని నోట్లో పెట్టుకోబోయాడు. వాడి చేతిలోంచి గాజు విడిపించుకుంటూ, "కూకోయే," అంది గంగాలమ్మ.

"కూకోడానికి రానేదు పెద్దమ్మా." తాయారు పిల్లాణ్ణి ఇంకో చంకకి మార్చుకుంది. "ఆయన నీకు సెప్పలేడు. అందుకే నానొచ్చాను. బోటు ముక్కు నీట్లోకి దిగిపోతందంట. కెరటం ఎదురొత్తే పైకి లెగట్నేదంట. నువ్వు ఎల్లమంటే ఎల్తన్నాడు. నువ్వు ఒద్దంటే మానేత్తాడు."

"ముక్కలైనా మునగదన్నాడు బాషా గోరు."

"బోటు మునగదు. మనుషులో?" అంది తాయారు. "ఈడికింకా నాన్నా అనడం రానేదు పెద్దమ్మా. ఆయన రావడం ఒక్క గడియ ఆలీసమైతే నాకు పాలు పడవు."

గంగాలమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది. వెళ్ళేటప్పుడు పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "కాస్త పలచటి గుడ్డెయ్, ఉక్కపోత్తంది," అని మాత్రం అంది. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు గాజు తిప్పుకుంటూ కూర్చుంది. దాని మీద పిల్లాడి ఉమ్ము ఆరిపోతోంది. సాయంత్రం అబ్బులు అన్నం తినడానికి వస్తే, వలలు బాగు చేసుకో, బోటు సంగతి తేలేదాకా వెళ్ళొద్దని తనే చెప్పింది. అబ్బులు తల దించుకుని కంచంలోకి చూస్తూ అన్నాడు.

"అత్తా, హార్బర్లో పెద్ద బోటు మీదికి రమ్మంటన్నారు. ఎల్తే చాలా రోజులు తిరిగి రాం. మాటిచ్చేసాను."

"ఒక్క తూరికేనా?"

"ఏమో. బాగుంటే ఉండిపోతాను. తాయారు కూడా అదే మంచిదంటంది."

హార్బరు పెద్ద బోట్లు జాలరిపేట ఇసుక మీదికి రావు. జెట్టీకి వెళ్ళి కట్టుకుంటాయి. అక్కడ దిగే మగవాళ్ళ కోసం వాళ్ళ పెళ్ళాలు ఎదురు చూస్తారేమో గానీ, మేనత్తలు చూడరు. అతను వెళ్ళిపోతే ఒడ్డున నిలబడడానికి ఇక తనకి ఎవరూ ఉండరు. ఆ సంగతి గంగాలమ్మకి అన్నం గిన్నె మీద మూత పెడుతుంటే తట్టింది. మూత రెండుసార్లు జారింది.

మర్నాడు పొద్దున వేలం దగ్గర, అందరూ వింటుండగానే, బాషాకి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టింది. "నా అల్లుడు నా గడప దిగిపోతన్నాడు. నువ్వు సేసింది బోటా, శవాన్ని మోసుకెల్లే పాడా?" అంది. అవతల నుంచి అతను ఒక్కటే మాట అన్నాడు. "వస్తున్నానమ్మా."

వచ్చాడు. ఈసారి రెజిన్ డబ్బా తేలేదు. ఒక స్క్రూడ్రైవరు మాత్రం తెచ్చాడు. దాని పిడితో బోటు వెనక నుంచి మొదలుపెట్టి, చెవి దగ్గరగా పెట్టి, జానెడు జానెడూ కొట్టుకుంటూ వచ్చాడు. బాగున్న చోట టంగుమని మోగింది. ముక్కు దగ్గరికి వస్తున్న కొద్దీ మోత చచ్చిపోయి, తడి బస్తా మీద కొట్టినట్టు మొద్దుగా వినిపించింది. అబ్బులు సంచీ భుజాన వేసుకుని వెళ్ళబోతూ ఆగాడు. బుట్టల మీది ఆడవాళ్ళు కూడా కబుర్లాపారు.

"ఫోంలోకి నీళ్ళు చేరాయి. అదైతే ఖాయం," అన్నాడు బాషా. "ఎక్కడినుంచి అన్నదే తెలియట్లేదు. మొత్తం చూశాను."

గంగాలమ్మ అతని చెయ్యినే చూస్తోంది. ఏళ్ళ తరబడి ఆ కాస్త చోటే తనదిగా చూసుకున్న మనిషి. దాని దగ్గరికి ఏ చెయ్యి వచ్చినా ఆమెకి తెలుస్తుంది. బాషా కొట్టుకుంటూ కొట్టుకుంటూ పసుపు దాకా వచ్చి, చెయ్యి ఎత్తేసి, ముక్కు చుట్టూ తిరిగి, అవతలి పక్క మళ్ళీ మొదలుపెట్టాడు.

"బాషా గోరూ, అక్కడ కొట్టనేదేటి?"

"ఎక్కడమ్మా?"

"బొట్టు కాడ."

బాషా స్క్రూడ్రైవరు కిందికి దించాడు. "అది మీ అమ్మోరి చోటు కదమ్మా. నేను చెయ్యి పెట్టి, రేపు సముద్రంలో ఏదైనా అయితే... మీరు అనకపోవచ్చు. ఇంకెవరైనా అంటారు. నేను ఈ ఒడ్డు మీద పని చేసుకుని బతికేవాణ్ణి."

"ఇన్ని తూర్లొచ్చేవు. ఒక్క తూరైనా అక్కడ సూడనేదా?"

"లేదమ్మా."

గంగాలమ్మ కెరటంలోకి రెండడుగులు వేసి, చీర కొంగు తడిపి తెచ్చి, మేకు దగ్గర రుద్దడం మొదలుపెట్టింది. పసుపు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది, అట్టు మాడినట్టు. గోళ్ళతో గీకింది. పసుపు కింద ఎరుపు. ఎరుపు కింద మళ్ళీ పసుపు. దాని కింద గోధుమరంగు. ఆ రంగు ఎంత రుద్దినా పోలేదు. అది కుంకుమ కాదు, తుప్పు. మేకు తల చుట్టూ సాలీడు కాళ్ళలా సన్నటి పగుళ్ళు నాలుగు పక్కలకీ పాకి ఉన్నాయి. బొటనవేలితో నొక్కింది. పుండులోంచి వచ్చినట్టు పగుల్లోంచి గోధుమరంగు నీరు ఊరి, ఆమె వేలి మీదుగా మణికట్టు దాకా జారింది.

బాషా వంగి ఆ పగుళ్ళని చూశాడు.

"కర్ర నీళ్ళు తాగితే ఉబ్బుతుందమ్మా," అన్నాడు మెల్లగా. "ఉబ్బి మేకుని బిగించుకుంటుంది. ఫైబరు ఉబ్బదు. సుత్తి దెబ్బకి గాజులా చిట్లుతుంది. అక్కణ్ణుంచి లోపలికి పోయిన నీళ్ళని ఫోం పట్టుకుని ఉండిపోయింది. బయటికి రావడానికి దారి లేదు."

"ఆ రోజు నువ్వు సెయ్యెత్తేవు," అంది గంగాలమ్మ.

"ఎత్తాను. వద్దని చెబుదామనుకున్నాను. డప్పులు మోగుతున్నాయి, మీ కళ్ళలో నీళ్ళున్నాయి. పూజకి అడ్డం పడి మేకు కొట్టొద్దని చెప్పడానికి నేనెవరిని?"

"దణ్ణం పెట్టేవనుకున్నాను."

బాషా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "తప్పు నాది కూడా అమ్మా. తరవాతైనా చెప్పుండాల్సింది."

గంగాలమ్మ బుట్టల వైపు తిరిగింది. "ఇనండే! పొద్దున్న ఈయన్ని తిట్టినప్పుడు ఇన్నారు కదా, ఇప్పుడు ఇదీ ఇనండి. బాషా గోరి పన్లో వంక నేదు. బోటుకి బొక్కెట్టింది నానే. బొక్క కనబడకుండా పసుపు పూసిందీ నానే."

సూర్యకళ నోట్లోంచి ఏదో ఎకసెక్కం ఊడిపడుతుందని అంతా చూశారు. ఆమె లేచి, తన బుట్ట తీసుకొచ్చి గంగాలమ్మ పక్కన బోర్లించింది. "ఓపాలి కూకో, పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు," అంది. గంగాలమ్మ కూర్చోలేదు. కానీ చెయ్యి ఆ బుట్ట అంచు మీద ఆనించింది.

అబ్బులు సంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "అత్తా, మాటిచ్చేసాను," అన్నాడు మళ్ళీ.

"ఎల్లు. మాటిచ్చాక ఎల్లాలి," అంది. అతను ఇసుక దాటి రోడ్డెక్కి, ఆటోలో కూర్చునేదాకా ఆమె మేకు వైపే తిరిగి నిలబడింది.

మర్నాడు బాషా కట్టరు తెచ్చాడు. మొదలుపెట్టే ముందు పట్టకారు ఆమె చేతికి ఇచ్చి, "మేకు మీరే తియ్యండమ్మా," అన్నాడు. ఆమె ఇంటి దగ్గర పసుపు డబ్బా ఒకటి ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టి, మేకు పెట్టుకోవడానికి తెచ్చుకుంది. పట్టకారుతో పట్టుకుని, బలమంతా కూడదీసుకుని లాగింది. అంత బలం అక్కర్లేకపోయింది. మేకు తల ఒక్కటే పుసుక్కున ఊడి వచ్చింది, చొక్కా గుండీలా. దాని వెనక ఇనుము లేదు. రంధ్రంలో తడి టీ పొడిలాంటి ముద్ద ఉంది. బాషా పుల్లతో గీకి బయటికి తీసి కాయితం మీద పోశాడు.

"ఇదేనా?" అంది.

"ఇంతేనమ్మా. ఉప్పునీళ్ళు, గాలి, రెండూ తగిలితే ఇనుము ఉండదు."

పాత నావలో అన్నేళ్ళు నల్లగా నిక్షేపంగా ఉన్నది ఏడాది తిరక్కుండా పొడైపోయింది. డబ్బాలో పెట్టుకోవడానికి ఆ గుండీలాంటి తల ఒక్కటి మిగిలింది. దాన్ని బోటు అంచు మీద పెట్టి, తుప్పు రుద్దడానికి కొబ్బరినార తేవడానికి వెళ్ళి వచ్చేసరికి అదీ లేదు. ఇసుకలో ఎక్కడో పడిపోయి ఉంటుంది. కాళ్ళతో కాసేపు ఇసుక కెలికింది. బాషా కూడా వంగి వెతికాడు. తరవాత ఆమే, "పోనీ, ఒగ్గీ," అంది.

ముక్కు లోపలి పొర కోసి తడి ఫోం అంతా చేతులతో పెరికి తీశారు. బుట్టల కొద్దీ వచ్చింది. పట్టుకుని పిండితే కుళ్ళిన సముద్రం వాసన. ఖాళీ చేసిన ముక్కుని ఎండకి వదిలేశారు. ఎండలో ఆరాలి, ఆరితే గానీ కొత్త ఫోం, కొత్త పొర వెయ్యడం కుదరదు.

ఆ ఆరే రోజుల్లో గంగాలమ్మ మధ్యాహ్నం పూట ఒడ్డుకి వస్తూనే ఉంది. సముద్రం మీద ఆమెది ఏదీ లేదు. చుక్కల్లో వెతకడానికి ఏమీ లేదు. బోటు ముక్కు తెరుచుకుని ఇసుక మీద ఉంది, ఆమె దాని నీడలో నిలబడేది. పడవలు వచ్చేవి. "అదిగో నాయన!" అని ఎవరి పిల్లలో అరిచేవారు. ఆడవాళ్ళు బుట్టలెత్తుకుని నీళ్ళలోకి పరిగెత్తేవారు. ఆమె చీర అంచు పొడిగా ఉండేది. "ఎవరి కోసమే?" అన్న చూపు ఎవరైనా చూశారో లేదో ఆమెకి తెలియదు. ఆమె ఎవరి మొహమూ చూడలేదు. ఒకసారి లోపలి కోతలోంచి వెలుగు ఎలా పడుతోందో చూద్దామని బోటు మీద చెయ్యి వేసి మడమ ఎత్తింది. కాలు పైకి పెట్టబుద్ధి కాలేదు. మడమ దించేసింది.

అప్పుడప్పుడు తాయారు ఫోను చేసి, "పెద్దమ్మా, ఆయన ఫోను కలవట్నేదు," అని ఏడ్చేది. "సముద్రంలో ఎక్కడ కలుత్తాదే, పిల్లాడికి పాలియ్యి," అనేది గంగాలమ్మ. ఫోను పెట్టేశాక తను కూడా ఒకసారి అబ్బులు నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, కలవడం లేదని చెప్పే రికార్డింగు మాట చివరిదాకా వినేది.

బాషా కొత్త ఫోం నింపి, పొరలు వేసి, గరుకు కాయితంతో రుద్ది, రంగు పూశాడు. మేకు ఉన్న చోటు ఇప్పుడు ఎక్కడో కూడా తెలియదు. "ఇక్కడ పసుపు పెట్టొచ్చా?" అని అడిగింది.

"ఎంతైనా పెట్టండమ్మా. మేకు మాత్రం వద్దు. నిమ్మకాయ కట్టుకోవడానికి పైన కొక్కెం పెట్టాను, చూడండి." అతను స్కూటరు స్టార్టు చేసి, ఆగి, "ఈసారి చెయ్యెత్తితే అది దణ్ణం కాదని గుర్తుంచుకోండి," అన్నాడు.

అబ్బులు తిరిగొచ్చిన మర్నాడు పిలవకుండానే ఒడ్డుకి వచ్చాడు. బోటు ముక్కు మీద చెయ్యి వేసి తడిమి, ఊరి చివరి ఇద్దర్ని పిలుచుకొచ్చి, "ఓపాలి నీట్లోకి దించి సూత్తాను అత్తా. సూసి సెప్తాను," అన్నాడు. ఉంటానని అనలేదు, ఉండనని అనలేదు. ఆమె అడగలేదు. పసుపు పలచగా రాసింది. బోటు ఒక్క తోపుకి నీళ్ళలోకి జారిపోయింది.

మధ్యాహ్నం ఆమె తడి ఇసుకలో నిలబడి వెతికింది. మొదట కనిపెట్టలేకపోయింది. తల వంచుకుని వచ్చే పడవ ఏదీ లేదు. అన్నీ ఒకేలా ముక్కెత్తుకుని వస్తున్నాయి. ఎన్నిసార్లు చూసినా ఏది తనదో తెలియలేదు. అప్పుడు ఒక పడవలో మనిషి చెయ్యెత్తాడు. ఆ ఎత్తడం చూసి పోల్చుకుంది.

బోటు ఇసుక తాకింది. ముక్కు ఆమెకి ఎదురుగా వచ్చి ఆగింది, తెల్లగా, దాని మీద కొట్టుకుపోగా మిగిలిన పసుపు. గంగాలమ్మ దాన్ని దాటి అబ్బులు మొహం చూసింది. చెంపలు లోపలికి పోయాయి. ఎడమ చెవి పక్కన వల తాడు కోసుకున్న గీత. గెడ్డం గీసుకుని ఎన్నాళ్ళయిందో. చొక్కా గుండీ ఒకటి తప్పు పెట్టుకున్నాడు.

"ఎగురుతంది అత్తా! కెరటం మీంచి కప్పలాగ ఎగురుతంది," అంటూ దూకాడు. ఆమె చూపు తన మొహం మీదే ఉండటం చూసి, "ఏటలగ సూత్తన్నావు?" అన్నాడు.

"ఏటీ నేదు. ఏటైనా తిన్నావా?"

"నేదు. రేపు తెల్లారే దీన్ని మళ్ళీ దించాలి, పెందలాడే తినేసి తొంగుంటాను." వంగి వల అందుకున్నాడు. "మా ఇంటికి రా. తాయారు పులుసెట్టింది."

"నువ్వు పద. వత్తాను."

అతను వల భుజాన వేసుకుని ఇసుక మీదుగా నడిచి వెళ్ళాడు. గంగాలమ్మ మిగతా పడవలు వచ్చేదాకా అక్కడే ఉంది. చివరి పడవ కూడా వచ్చింది. అందులో ఎవరెవరు ఉన్నారో చూసింది, ఊరికే. తరవాత సూర్యకళ వదిలేసి వెళ్ళిన బుట్ట మీద కూర్చుని, కాళ్ళకి అంటిన ఇసుక దులుపుకుంది.